అమ్మ రోజూ మింగుతున్న అవిసె గింజలు: ఎంత, ఎలా, ఎప్పుడు?

మల్లెపందిరి (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 61. రెండు నెలల క్రితం చేయించిన రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 148 వచ్చింది. బీపీకి ఒక మాత్ర వాడుతున్నా పై అంకె 140కి అటూ ఇటూగా ఉంటోంది. థైరాయిడ్ మాత్ర పదేళ్లుగా ఉంది. వీటన్నిటికంటే ఆవిడను ఎక్కువగా బాధపెట్టేది మలబద్ధకం. మా పెద్దమ్మ ఫోనులో ఒక వీడియో పంపించినప్పటి నుంచి అమ్మ అవిసె గింజల మీద పడ్డారు. కిలో పొట్లం తెప్పించుకుని, తెల్లవారగానే రెండు పెద్ద చెంచాల గింజలు నోట్లో వేసుకుని, థైరాయిడ్ మాత్రతో సహా అరగ్లాసు గోరువెచ్చని నీళ్లతో మింగేస్తున్నారు. ఆరు వారాలు గడిచాయి. ఏమైనా తేడా తెలిసిందా అని అడిగితే, "లోపలికి వెళ్లినవి వెళ్లినట్టే బయటికి వచ్చేస్తున్నాయే అమ్మాయ్" అన్నారు.

గింజలను అలాగే మింగితే ప్రయోజనం ఉంటుందా, పొడి చేసుకోవాలా, వేయించాలా, రోజుకు ఎంత తీసుకోవచ్చు, మాత్రలతో కలిపి వేసుకోవచ్చా అన్నవి నా సందేహాలు. మరొకటి కూడా ఉంది. మా వీధిలో ఒకరి పెరట్లో అవిసె చెట్టు ఉంది, దాని ఆకు కూరగా వండుకుంటారు. ఆ చెట్టు గింజలే ఇవి అని వారు గట్టిగా చెబుతున్నారు. నిజమేనా?

జొన్నచేను (ఆదిలాబాద్)

చివరి సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ పేరు చిక్కులో చాలామంది పడుతున్నారు. పెరట్లో పెరిగే అవిసె వేరు, మీరు పొట్లంలో కొన్న అవిసె వేరు. మొదటిది పెద్ద చెట్టు. దాని తెల్లని లేదా ఎర్రని పూలు వేలెడంత ఉంటాయి, కాయలు చిక్కుడుజాతి కాయల్లా పొడుగ్గా వేలాడతాయి, తమిళులు దానినే అగత్తి అంటారు. రెండోది మోకాలు దాటి కాస్త పైకి పెరిగే సన్నని మొక్క, నీలిపూలు పూస్తుంది, కాయ బఠాణీ గింజంత ఉంటుంది. సంస్కృతంలో దీని పేరు అతసి. కృష్ణుని మేనిచాయను అతసీపుష్పంతో పోల్చే శ్లోకం మనలో చాలామందికి నోటికి వస్తుంది కానీ ఆ పువ్వును చూసినవారు తక్కువ.

నేను చూశాను. మా తాతగారు శనగ చేను గట్ల వెంబడి రెండు వరుసలు అవిసె చల్లించేవారు. పశువులు ఆ మొక్కను ముట్టవు కనుక చేనుకు అదే కంచె అనేవారు. పొద్దున్నే వెళ్తే గట్టంతా నీలంగా ఉండేది, మధ్యాహ్నం సద్ది తిని లేచేసరికి రేకులన్నీ రాలి నేల మీద ఉండేవి. మా వైపు మరాఠీ ప్రభావం వల్ల దీనిని జవస్ అనడం కూడా అలవాటు. ఇప్పటికీ ఈ పంట మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, విదర్భ, ఉత్తరప్రదేశ్, బీహార్ వైపు రబీలో పండుతోంది. కొన్నిచోట్ల వరి కోతకు ముందే నిలబడి ఉన్న పైరులో, నేలలో మిగిలిన తడి మీదనే విత్తనం చల్లేస్తారు. ఇంత చెబుతున్నది ఎందుకంటే, విదేశం నుంచి కొత్తగా వచ్చిన అద్భుతమంటూ ఎక్కువ ధరకు అమ్మే రంగురంగుల పొట్లాలకు మీరు డబ్బు పోయనక్కరలేదు. కిరాణా దుకాణంలో విడిగా దొరికే గోధుమరంగు గింజలు చాలు.

పథ్యం (హైదరాబాద్)

నేను ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. మల్లెపందిరి గారూ, మీ అమ్మగారు ఒక్క మాటలో అసలు విషయం చెప్పేశారు. అవిసె గింజ పైపొట్టు గట్టిగానూ నున్నగానూ ఉంటుంది. పంటి కింద పడకుండా జారిపోతుంది, లోపలికి వెళ్లాక పేగుల్లోని జీర్ణరసాలు ఆ పొట్టును ఛేదించలేవు. మనకు కావలసిన నూనె పొట్టు లోపలి పప్పులో ఉంటుంది. అందువల్ల మింగిన గింజల్లో చాలా భాగం ప్రయాణికుల్లా ఒకవైపు ఎక్కి మరోవైపు దిగిపోతాయి. పొడి చేస్తేనే పూర్తి ఫలితం దక్కుతుంది.

ఒక పెద్ద చెంచా పొడి దాదాపు 7 గ్రాములు తూగుతుంది. అందులో ఒమేగా-3 కుటుంబానికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం సుమారు 1.6 గ్రాములు, పీచు 2 గ్రాములకు కొంచెం తక్కువ, కేలరీలు 37 వరకు ఉంటాయి. ఆ ఆమ్లం రోజుకు స్త్రీలకు 1.1 గ్రాములు, పురుషులకు 1.6 గ్రాములు సరిపోతుందని పోషకాహార ప్రమాణాలు చెబుతాయి కనుక ఒక్క చెంచాతోనే ఆ లెక్క పూర్తవుతుంది. లిగ్నాన్లు అనే పదార్థాలు కూడా ఇందులో మిగతా చాలా ఆహారాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని మార్చి శరీరానికి అందిస్తాయి.

ఇక పీచు సంగతి. అవిసె పొడిని నీళ్లలో వేసి పది నిమిషాలు ఉంచితే గంజిలా జిగురు దిగుతుంది. పేగుల్లోనూ అదే జరుగుతుంది. ఆ జిగురు మలాన్ని మెత్తబరచడమే కాకుండా పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కాలేయం తిరిగి పైత్యరసం తయారు చేసుకోవడానికి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకోవలసి వస్తుంది. కొలెస్ట్రాల్ కొంత తగ్గడానికి ఒక కారణం ఇదే.

మీరు రాసినదాంట్లో నన్ను కలవరపెట్టినది మాత్రం థైరాయిడ్ మాత్ర. జిగురు పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకున్నట్టే మందును కూడా పట్టుకోగలదు. థైరాయిడ్ మాత్రను పరగడుపున ఉత్త నీళ్లతో మాత్రమే వేసుకోవాలి, దానితో పీచు, పాలు, కాఫీ ఏవీ కలవకూడదు. రేపటి నుంచే అవిసెను మధ్యాహ్న భోజనానికి మార్చండి, మిగతా మాత్రలకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. ఆరు వారాలుగా రెండూ కలిపి వేసుకున్నారు కనుక, థైరాయిడ్ మందు సరిపోతోందో లేదో చూపే టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చేయించి మీ వైద్యులకు చూపించడం మంచిది.

మొదటి వారం ఒక చిన్న చెంచా పొడితో మొదలుపెట్టి, కడుపు అలవాటు పడ్డాక పెద్ద చెంచాకు, తరువాత రెండింటికి వెళ్లండి. నీళ్లు బాగా తాగాలి, అరగ్లాసు సరిపోదు.

రాత్రిబండి (విజయవాడ)

"నీళ్లు బాగా తాగాలి" అన్న మాటను పథ్యం గారు ఒక్క వాక్యంలో దాటేశారు కానీ దాని విలువ ఎంతో నేను స్వయంగా తెలుసుకున్నాను. నేను రాత్రి బస్సు నడుపుతాను. దారిలో మాటిమాటికీ బండి ఆపడం కుదరదు కనుక నీళ్లు తక్కువ తాగడం మా వృత్తిలో అందరికీ ఉన్న చెడ్డ అలవాటు. బరువు తగ్గుతానన్న ఆశతో ఒకరోజు నాలుగు పెద్ద చెంచాల పొడి మజ్జిగలో కూడా కలపకుండా ఉత్తగా నోట్లో వేసుకుని, రెండు గుక్కల నీళ్లు తాగి బండెక్కాను. నందిగామ దాటేసరికి కడుపు డప్పులా బిగిసింది. సూర్యాపేటలో టీకి ఆపినప్పుడు కిందికి దిగడమే కష్టమైంది. మూడు రోజులు విరేచనం కాలేదు. చివరికి ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీసి, పేగుల్లో ముద్ద కట్టిందని చెప్పి మందిచ్చారు. మలబద్ధకానికి వాడే వస్తువే నాకు మలబద్ధకం తెచ్చింది. నీళ్లు పోయకుండా సిమెంటు కలిపితే ఏమవుతుందో అదే నా కడుపులో అయింది. ఇప్పుడు ఒక్క చెంచా మాత్రమే, అదీ డ్యూటీ లేని పగటి వేళ, పెద్ద గ్లాసు మజ్జిగతో తీసుకుంటున్నాను. ఏ ఇబ్బందీ లేదు.

గోదారిగట్టు (కాకినాడ)

నాకు ఒక అభ్యంతరం ఉంది. ఒమేగా-3 అనగానే అందరూ అవిసె గింజలు చేపతో సమానమని రాసేస్తున్నారు. మేము వారంలో మూడు రోజులు కానాగంతలో, కవళ్లో ఏదో ఒక చేప తింటాము. మాకు ఈ గింజల వల్ల అదనంగా ఒరిగేది ఏమైనా ఉందా, లేక ఇది శాకాహారులు తమకు తాము చెప్పుకునే ఓదార్పా?

పథ్యం (హైదరాబాద్)

గోదారిగట్టు గారి అభ్యంతరంలో సగం సరైనదే. చేపలో ఉండేవి ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3లు, శరీరం వాటిని నేరుగా వాడుకుంటుంది. అవిసెలో ఉన్నది వాటికి ముడిసరుకు మాత్రమే. మన శరీరం ఆ ముడిసరుకులో చిన్న వంతును ఈపీఏగా మార్చుకోగలదు, డీహెచ్‌ఏగా మారేది మరీ స్వల్పం. కనుక అవిసె తింటున్నాం కదా అని చేప మానేయడం తెలివైన బేరం కాదు. చేప నూనెతో తగ్గే ట్రైగ్లిసరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు అవిసెతో అంతగా తగ్గవు కూడా.

అయితే మిగతా సగం మీద నాకు అంగీకారం లేదు. చేపలో పీచు లేదు, లిగ్నాన్లు లేవు. అలాగే అవిసె నూనెలోనూ పీచు ఉండదు. 2009లో 28 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. గింజను పూర్తిగా వాడినవారిలో ఎల్‌డీఎల్ సగటున సుమారు 6 పాయింట్లు తగ్గింది, మెనోపాజ్ దాటిన స్త్రీలలోనూ మొదటే కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారిలోనూ ఫలితం మరికొంత మెరుగ్గా కనిపించింది, నూనె ఒక్కటే వాడినవారిలో మాత్రం చెప్పుకోదగిన మార్పు లేదు. అంటే నూనె గుళికలు కొనేవారు గింజలోని ముఖ్యమైన భాగాన్ని గానుగ దగ్గరే వదిలేసి వస్తున్నారన్నమాట. 148 ఉన్న ఎల్‌డీఎల్‌లో 6 పాయింట్లు అంటే ఎంతో మల్లెపందిరి గారు కూడా గుర్తుపెట్టుకోవాలి. అది సాయమే తప్ప చికిత్స కాదు.

మంచుదారి (విన్నిపెగ్, కెనడా)

నేను పన్నెండేళ్లుగా ఉంటున్న ఊరికీ ఈ చర్చకూ సంబంధం ఉంది కనుక కలగజేసుకుంటున్నాను. కెనడా ప్రెయిరీ రాష్ట్రాలలో అవిసె పెద్ద పంట. బీపీ మీద అవిసె ప్రభావం గురించి అందరూ ఎత్తిచూపే ప్రయోగం మా విన్నిపెగ్‌లోని సెయింట్ బోనిఫేస్ ఆసుపత్రి పరిశోధకులు చేసినదే. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు ఉన్న 110 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 30 గ్రాముల అవిసె పొడి కలిపిన బ్రెడ్డు, మఫిన్లు, పాస్తా వంటివి, మిగిలినవారికి చూడటానికి అలాగే ఉండే వేరే పదార్థాలు ఆరు నెలలు పెట్టారు. 2013లో ఫలితాలు ప్రచురించారు. రెండో వర్గంతో పోలిస్తే అవిసె తిన్నవారిలో పై బీపీ 10, కింది బీపీ 7 పాయింట్ల వరకు తక్కువగా ఉంది. తరువాత 2014లో ఇక్కడి ఆరోగ్య శాఖ, పొడి చేసిన అవిసె కొలెస్ట్రాల్ తగ్గించడానికి తోడ్పడుతుందని ఆహార పొట్లాల మీద రాసుకోవడానికి అనుమతి ఇచ్చింది. అందుకు వారు ప్రాతిపదికగా తీసుకున్న మోతాదు రోజుకు 40 గ్రాములు.

40 గ్రాములంటే దాదాపు అయిదారు పెద్ద చెంచాలు. మూడు పూటలా పంచుకుని తినాలి. ఇక్కడి వారు ఉదయం ఓట్స్‌లోనూ పెరుగులోనూ చల్లుకుంటారు, నేను దోసెల పిండిలోనూ చపాతీ పిండిలోనూ కలుపుతున్నాను. వేడికి ఒమేగా-3 పోతుందేమోనని మొదట్లో భయపడ్డాను కానీ పిండిలో కలిసి కాలినప్పుడు నష్టం చాలా స్వల్పమేనని ఇక్కడి పరీక్షల్లో తేలింది. నూనె సంగతి అలా కాదు, అవిసె నూనెను పొయ్యి మీద పెట్టకూడదు, తక్కువ వేడికే పొగ వస్తుంది.

పథ్యం (హైదరాబాద్)

మంచుదారి గారు చెప్పిన ప్రయోగం నిజమైనదే, చక్కగా చేసినదే. కాకపోతే ఆ 10 పాయింట్లను చూసి ఎవరూ బీపీ మాత్ర పక్కన పెట్టకుండా ఉండటానికి మరో లెక్క కూడా ఇక్కడే ఉంచుతున్నాను. వేర్వేరు దేశాలలో జరిగిన ప్రయోగాలను 2015లో కలిపి చూసినప్పుడు సగటు తగ్గుదల పైన 2 పాయింట్ల లోపు, కింద కూడా 2 పాయింట్ల లోపు తేలింది. పన్నెండు వారాలకు మించి వాడినప్పుడు ఫలితం కొంత మెరుగ్గా ఉంది. మీ అమ్మగారి ఇంట్లో ఏమి జరుగుతుందో ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటుంది.

తుంగభద్రఒడ్డు (గద్వాల)

ఇంత శాస్త్రం నడుస్తున్నా ఎవరూ పొడి ఎలా కొట్టాలో చెప్పలేదు. మాకు రాయచూరు పక్కనే, అక్కడ దీనిని అగసె పుడి అంటారు, జొన్నరొట్టె ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ సీసా ఉంటుంది. మా అత్తగారు చేసే పద్ధతి రాస్తున్నాను.

టీ గ్లాసు నిండా అవిసె గింజలు తీసుకుని, పళ్లెంలో పోసి మట్టిబెడ్డలు ఏరుకోవాలి. కడగకూడదు, కడిగితే జిగురెక్కి గిన్నెకు అంటుకుంటాయి. మందపాటి మూకుడులో నూనె లేకుండా సన్నని సెగ మీద వేయించాలి. రెండు నిమిషాలకు గింజలు చిటపటమంటూ ఎగరడం మొదలవుతుంది. చేతి మీద పడితే చురుక్కుమంటుంది కనుక మూత వారగా పట్టుకుని గరిటె తిప్పండి. గింజ ఉబ్బి, రెండు గింజలు నోట్లో వేసుకుంటే కరకరలాడి, నువ్వుల వంటి కమ్మటి వాసన వస్తే దించేయాలి. రంగు మారేదాకా ఉంచితే చేదు. అదే మూకుడులో పది ఎండుమిరపకాయలు, ఒక చెంచా జీలకర్ర, రెండు రెబ్బల కరివేపాకు విడిగా వేయించాలి. అన్నీ పూర్తిగా చల్లారాక ముందు మిరపకాయలు, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు, ఉసిరికాయంత పొడి చింతపండు తిప్పి, ఆ తరువాత గింజలు వేసి, మిక్సీని ఆపి ఆపి నాలుగైదుసార్లు మాత్రమే తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే గింజలోని నూనె బయటికి వచ్చి పొడి ముద్దయిపోతుంది. చివరలో పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు ఏడెనిమిది వేసి ఒక్క తిప్పు.

రొట్టె మీద పెరుగు వేసి, దాని మీద ఈ పొడి చల్లుకుని తినడం మా పద్ధతి. గుంటూరు వారు వేడి అన్నంలో నెయ్యితో కలుపుకుంటారేమో, అదీ బాగానే ఉంటుంది. బీపీ ఉన్న పెద్దావిడ కోసం కనుక ఉప్పు సగం తగ్గించండి, పొడులలో మనకు తెలియకుండానే ఉప్పు ఎక్కువ పడుతుంది.

చిత్రికపట్టిక (రాజమహేంద్రవరం)

నేను వడ్రంగిని. తినే విషయంలో నాకు పెద్ద పరిజ్ఞానం లేదు కానీ అవిసె నూనెతో ముప్పై ఏళ్ల పరిచయం ఉంది. మేము లిన్సీడ్ ఆయిల్ అని పిలిచేది ఇదే. సుద్దపొడిలో ఈ నూనె కలిపి లప్పం తయారుచేసేవాళ్లం, తలుపులకు పట్టించేవాళ్లం, కుర్రవాళ్లు క్రికెట్ బ్యాట్లకు పూసేదీ ఇదే. నువ్వుల నూనె, వేరుశనగ నూనె చెక్కకు పూస్తే జిడ్డుగానే ఉండిపోతాయి. ఇది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టి పొరలా ఆరుతుంది. ఆ క్రమంలో వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను మూలన కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకున్న సందర్భాలు మా వృత్తిలో అందరికీ తెలుసు, అందుకే వాటిని నీళ్లలో తడిపి ఆరుబయట పరుస్తాము.

దీనికీ మీ పొడికీ సంబంధం ఉంది. మా ఇంటావిడ నెలకు సరిపడా అవిసె పొడి కొట్టి పొయ్యి పక్క అరలో పెట్టింది. మూడో వారానికి పాత రంగుడబ్బా మూత తీసినట్టు వాసన వచ్చింది, నాలుక మీద చేదు. ఆ వాసన నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. గింజగా ఉన్నప్పుడు పొట్టు నూనెను కాపాడుతుంది, పొడి చేసిన క్షణం నుంచి గాలి తన పని మొదలుపెడుతుంది. కనుక వారానికి సరిపడా మాత్రమే కొట్టుకుని, గాలి దూరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఇంకొక హెచ్చరిక. హార్డ్‌వేర్ దుకాణంలో అమ్మే నూనె చవక కదా అని ఒకాయన తాగడానికి కొనబోతే నేనే ఆపాను. రంగుల పనికి అమ్మే దానిలో, ముఖ్యంగా బాయిల్డ్ అని రాసి ఉండే రకంలో, త్వరగా ఆరడం కోసం లోహపు లవణాలు కలుపుతారు. అది చెక్కకే.

పథ్యం (హైదరాబాద్)

పదిహేనేళ్లుగా తరగతులు చెబుతున్నాను, ఒమేగా-3 ఎందుకు పాడవుతుందో ఇంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు. లప్పాన్ని ఆరబెట్టేదీ, పొడిని చేదెక్కించేదీ ఒకే ఆమ్లం, ఒకే చర్య. చేదు వాసన వచ్చిన పొడిని డబ్బు పోసి కొన్నాం కదా అని తినకండి.

ఎండాకాలం (కర్నూలు)

నా వయసు 49. ఒళ్లంతా ఆవిర్లు వచ్చి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. లిగ్నాన్లు స్త్రీ హార్మోనులా పనిచేస్తాయని, అవిసె తింటే ఈ ఆవిర్లు తగ్గుతాయని చదివాను. నిజమేనా? మా అమ్మాయి ఇప్పుడు అయిదో నెల గర్భిణి, తను కూడా నాతో కలిసి తింటానంటోంది.

పథ్యం (హైదరాబాద్)

ఆవిర్ల విషయంలో నిరాశపరచక తప్పదు. మొదట్లో అమెరికాలో కొద్దిమంది స్త్రీల మీద చేసిన చిన్న ప్రయత్నంలో ఆవిర్లు బాగా తగ్గినట్టు కనిపించి అందరూ ఆశపడ్డారు. తరువాత 188 మంది స్త్రీలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి అవిసె కలిపిన బార్, మరో వర్గానికి అవిసె లేని బార్ ఆరు వారాలు ఇచ్చి చూశారు. 2012లో ప్రచురించిన ఆ ఫలితం ప్రకారం రెండు వర్గాల్లోనూ మూడో వంతుకు కాస్త ఎక్కువ మందిలో ఆవిర్లు సగానికి తగ్గాయి. అవిసె తినని వర్గంలో కూడా తగ్గాయంటే, ఆ ఘనతను అవిసెకు ఇవ్వలేము. మలబద్ధకం కోసం, కొలెస్ట్రాల్ కోసం తినండి, నిద్ర సంగతి స్త్రీల వైద్యురాలితో మాట్లాడండి.

అమ్మాయి విషయంలో, ఇడ్లీలో కాస్త పొడి నంజుకుంటే కంగారు పడాల్సిందేమీ లేదు కానీ రోజూ చెంచాల లెక్కన తీసుకోవడం గర్భధారణ సమయంలో వద్దు. లిగ్నాన్ల కారణంగానే ఈ జాగ్రత్త. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు కూడా తమ వైద్యులను అడిగే మొదలుపెట్టాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు, పేగులకు శస్త్రచికిత్స జరిగినవారు కూడా అంతే.

ప్రకృతిబాట

ఇన్ని షరతులు దేనికి? పచ్చి గింజలు రోజుకు గుప్పెడు తింటే షుగర్ పూర్తిగా పోతుంది, మా బంధువు మూడు నెలల్లో మాత్రలు మానేశారు.

నిర్వాహకులు

ప్రకృతిబాట గారూ, మందులు మానేయమని సూచించే వ్యాఖ్యలను ఈ వేదికలో సాధారణంగా తొలగిస్తాము. దీనికి జవాబు అందరికీ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో మాత్రమే ఉంచుతున్నాము. పథ్యం గారు వీలు చూసుకుని స్పందించగలరు.

పథ్యం (హైదరాబాద్)

జిగురు వల్ల పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది కనుక భోజనం తరువాత షుగర్ ఒక్కసారిగా పెరగకుండా అవిసె కొంత తోడ్పడుతుంది, కొన్ని ప్రయోగాల్లో పరగడుపు షుగర్ కూడా కొద్దిగా తగ్గింది. అక్కడితో ఆగాలి. మీ బంధువు మాత్రలు మానేసినట్టు చెప్పారు, మానేశాక హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్, ఎంత ఉందో చెప్పలేదు.

గుప్పెడు పచ్చి గింజల విషయంలో మరో సంగతి ఉంది. పచ్చి అవిసెలో లినుస్టాటిన్ వంటి పదార్థాలు ఉంటాయి, గింజ నలిగి తడి తగిలినప్పుడు వాటి నుంచి స్వల్పంగా సయనైడ్ విడుదలవుతుంది. కర్రపెండలంలో ఉన్నట్టే ఇదీ. ఒకటి రెండు చెంచాల మోతాదును పెద్దవారి శరీరం సులభంగా నిర్వీర్యం చేసుకుంటుంది, వేయించినప్పుడు అది ఇంకా తగ్గుతుంది. గుప్పెళ్లకొద్దీ పచ్చి పొడిని ఒకేసారి తినడం, చిన్నపిల్లలకు చెంచాలతో పెట్టడం మాత్రం వద్దనే చెబుతాను. గద్వాల అత్తగారు గింజలను రుచి కోసం వేయించారు కానీ అందులో ఈ మేలు కూడా ఉంది.

మల్లెపందిరి (గుంటూరు)

నాలుగు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి. పథ్యం గారు చెప్పినట్టు మొదట టీఎస్‌హెచ్ చేయించాము, పెరిగి ఉంది, అంటే మందు ఒంటికి సరిగా అందడం లేదు. వైద్యులు మాత్ర మోతాదు మార్చలేదు. అవిసెను వేరు చేసి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ చూద్దామన్నారు. రెండోసారి మామూలుకు వచ్చింది. మాత్రను, గింజలను కలిపి మింగడం వల్లనే అని ఆయన అభిప్రాయపడ్డారు.

మలబద్ధకం విషయంలో తేడా మూడో వారానికే తెలిసింది. రోజూ ఉదయం వేసుకునే విరేచనాల పొడి ఇప్పుడు వారానికి ఒకసారికి వచ్చింది. ఎల్‌డీఎల్ 148 నుంచి 137కు దిగింది. అయితే నిజాయతీగా చెప్పాలంటే, ఈ నాలుగు నెలల్లో అమ్మ సాయంత్రం పూట నడక మొదలుపెట్టారు, వేపుళ్లు తగ్గించారు, థైరాయిడ్ కూడా సర్దుకుంది. ఈ 11 పాయింట్లలో అవిసె వాటా ఎంతో నేను చెప్పలేను. బీపీలో నాకు మార్పేమీ కనిపించలేదు, మాత్ర కొనసాగుతోంది.

తుంగభద్రఒడ్డు గారి పొడి వారం వారం కొడుతున్నాము. మధ్యాహ్నం వేడి అన్నంలో మొదటి ముద్ద దానితోనే. మా నాన్నగారు కూడా అడిగి వేసుకుంటున్నారు. అమ్మకు ఒక్కటే అసంతృప్తి. పది మిరపకాయలు గుంటూరులో మిరపకాయలేనా అని అడగమన్నారు.

తుంగభద్రఒడ్డు (గద్వాల)

మావి బ్యాడిగి మిరపకాయలండీ, రంగు ఎక్కువ, కారం తక్కువ. మీ ఊరి కాయలైతే ఆరు చాలనుకున్నాను కానీ అమ్మగారు అలా అడిగారంటే పదిహేను వేయవలసిందే. ఉప్పు మాత్రం పెంచనివ్వకండి.